నేను విప్పి కుట్టిన బొమ్మ

నారాయణగూడలోని ఒక ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళకు పైగా కుట్టు టీచరుగా పనిచేసి 2014లో రిటైరయ్యాను. ఈమధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చి, "టీచర్, చిన్నపిల్లలతోటి ఏమేం కుట్టియ్యాలె? జర ఒక లిస్టు రాసియ్యండి" అని అడిగారు. రాసిచ్చాను. చేతిరుమాలు, పెన్సిళ్ళ సంచి, ఆడుకోవడానికి చింతగింజలు నింపిన చిన్న సంచులు, వేడి గిన్నె పట్టుకునే మందపాటి గుడ్డ, దిండు గలీబు, గుడ్డ బొమ్మ. పది నిమిషాల్లో అయిపోయింది. వాళ్ళు టీ తాగి సంతోషంగా వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక, నేను రాసిచ్చింది పనిలో చాలా చిన్న భాగమే అనిపించింది. ఏం కుట్టించాలో ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఏం చెయ్యకూడదో మాత్రం చేసినవాళ్ళే చెప్పాలి. చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

సూదుల సంగతి

నలభై మంది పిల్లలు, ముప్పై అయిదు నిమిషాల పీరియడు, నలభై సూదులు. మన ఉద్యోగం మొదలయ్యేది ఇక్కడే. ఇచ్చిన సూదులన్నీ తిరిగి వచ్చాయా లేదా అని చూసుకోకుండా ఒక్క పిల్లను కూడా బయటికి పంపకండి.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఒక సూది తక్కువ వచ్చింది. గంట కొట్టేశారు. తర్వాతి పీరియడు టీచరు గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క సూదే కదా అనుకుని పిల్లలను పంపెయ్యబోయాను. అప్పటి మా హెడ్మిస్ట్రెస్ సరోజమ్మ గారు వరండాలో నడుస్తూ నా మొహం చూసి ఆగారు. నసుగుతూ విషయం చెప్పాను. ఆమె లోపలికి వచ్చి, తలుపు మూసి, కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నేలమీద కూర్చున్నారు.

"పిల్లలు ఈడనే కింద కూసుంటరు విమలా. దొరికేదాక ఎవ్వరు కదలొద్దు."

అరవై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, పిల్లలతో పాటు చాపలన్నీ దులిపి వెతికారు. చివరికి ఒక పిల్ల లంగా అంచులో గుచ్చుకుని కనిపించింది. నన్ను తిట్టలేదు. పోతూ పోతూ, "పోయిందని అందరి ముందర చెప్పినవ్, మంచిదైంది. దాచిపెడితే ఎవరికన్న గుచ్చుకునేది" అన్నారు. నేను చెప్పలేదు, ఆమె అడిగితే బయటపడింది. ఆ తేడా ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఇంకో రెండు సంగతులు చెప్పి అసలు విషయానికి వస్తాను. దారం పిల్ల మోచేతి పొడవుకన్నా ఎక్కువ ఇవ్వకండి, చిక్కులు పడి ఏడుస్తారు. కొత్త గుడ్డ ఇవ్వకండి, జారే గుడ్డ అసలే వద్దు. బాగా ఉతికి మెత్తబడ్డ పాత చీర ముక్కలో సూది తేలిగ్గా దిగుతుంది, వేళ్ళు నొప్పి పుట్టవు. నేను సుల్తాన్ బజార్‌లో తెలిసిన టైలర్ల దగ్గర కత్తిరించగా మిగిలిన ముక్కలు సంచిలో వేసుకొచ్చేదాన్ని. అయినా ఇంటినుంచి తెచ్చుకున్న గుడ్డతో కుట్టిన పిల్ల ఎక్కువ శ్రద్ధగా కుట్టేది. అది అమ్మ చీర అని దానికి తెలుసు కదా.

ఎగ్జిబిషన్ జబ్బు

సరోజమ్మ గారి తర్వాత ఇద్దరు ముగ్గురు మారి, 2009లో కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. చెడ్డ మనిషి కాదు. కాకపోతే చుట్టుపక్కల బళ్ళు పెద్ద పెద్ద బోర్డులతో పిల్లలను లాక్కుంటున్న రోజులు. ఏటా జనవరిలో ఎగ్జిబిషన్ పెట్టి తల్లిదండ్రులను పిలవడం ఆయనే మొదలుపెట్టారు. "మేడం, పేరెంట్స్ ముందుగాల చూసేది మీ టేబులే. జర నీట్‌గ ఉండాలె" అనేవారు.

నీట్‌గా ఉండాలన్నారు అంతే. పిల్లల కుట్లు విప్పి మళ్ళీ కుట్టమని ఆయన ఎప్పుడూ అనలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చాలాకాలం ఆ తప్పు ఆయన మీదికే నెట్టి బతికాను.

నిజానికి నాకా అలవాటు అంతకుముందు నుంచే ఉంది. వంకర కుట్టు కనిపిస్తే చెయ్యి ఊరుకునేది కాదు. పిల్ల పక్కనుండగానే లాక్కుని నాలుగు కుట్లు విప్పి సరిచేసి ఇచ్చేదాన్ని. ఎగ్జిబిషన్లు వచ్చాక వస్తువులన్నీ ఇంటికి మోసుకొచ్చి విప్పడం, కుట్టడం. పైగా ఇంట్లో తల్లులతోనో టైలర్లతోనో కుట్టించుకొచ్చిన పిల్లలను నిలబెట్టి అడిగేదాన్ని. ఒక పిల్ల తెచ్చిన సంచికి మిషన్ కుట్టు ఉంది. "ఇది చేత్తోటి కుట్టినవా?" అంటే, "మా మమ్మీ చేత్తోటే పట్టుకపోయి టైలర్‌కిచ్చింది టీచర్" అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లకు మార్కులు తగ్గించాను. అదే వారం ఆ క్లాసు వస్తువుల్లో సగం నా చేతి కుట్లే.

మంజుల

ఆరో తరగతిలో మంజుల అని ఒక పిల్ల చేరింది. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. తల్లి బాలమణి, తండ్రి ఇద్దరూ అశోక్‌నగర్‌లో లేస్తున్న ఒక పెద్ద బిల్డింగు పనిలో ఉన్నారు. ఆ పక్కనే బస్తీలో కిరాయికి ఉండేవాళ్ళు. పిల్ల మాటలు తక్కువ. ఎడమచేతి వాటం.

కుట్టు కుడిచేత్తోనే కుట్టాలని నా పట్టుదల. నేను నేర్చుకున్నది అట్లా, నేర్పింది అట్లా. "ఆ చెయ్యి గాదు, ఈ చెయ్యి" అంటూ సూది మార్చేదాన్ని. నేను చూస్తున్నంతసేపు కుడిచేత్తో అవస్థపడేది. నేను అటు తిరగ్గానే సూది ఎడమ చేతిలోకి పోయేది. అందరి కుట్టు కుడినుంచి ఎడమకు వస్తే దాని కుట్టు ఎడమనుంచి కుడికి పోయేది. అందరి ముందు గుడ్డ ఎత్తి చూపించి "ఉల్టా కుట్టు" అనేదాన్ని. పిల్లలు దాన్ని ఉల్టా మంజుల అని పిలవడం అట్లా మొదలైంది. నేను విన్నాను. ఆపలేదు.

ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం బంద్‌లతో బడి సరిగ్గా నడవలేదు. ఆరో తరగతికి గుడ్డ బొమ్మ ఇచ్చాను. సగం మందివి పూర్తి కాకుండానే ఎగ్జిబిషన్ దగ్గరపడింది. ఉన్నవాటిని ఉన్నట్టుగా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ తీస్తున్నాను. మంజుల బొమ్మ వచ్చింది. ఒళ్ళు మెత్తటి పాత చీర గుడ్డ. బొమ్మకు చీర కట్టింది, దానిమీద మగవాళ్ళు తొడుక్కునే పొడుగు చేతుల అంగీ కుట్టింది, రెండు చిన్న బొత్తాలతో సహా. చేతులు రెండూ పైకి ఎత్తి ఉన్నాయి. కుట్లు లావుగా, బయటికే కనిపిస్తున్నాయి. నాకు నవ్వొచ్చింది. మా వారికి చూపించి, "చూడండి, పోలీసులు పట్టుకున్నట్టున్నది" అన్నాను.

ఆయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చేతులు రెండు ఒక్క తీరుగనే ఉన్నయి గదా. కావాల్నని కుట్టిందేమో. ఆ పిల్లనడగరాదు?"

"ఎల్లుండే ఎగ్జిబిషన్. అడుగుకుంట కూసుంటే అయితదా?"

అంగీ తీసేశాను, చీర మీద అంగీ ఏమిటని. చేతులు విప్పి కిందికి దించి కుట్టాను. పాత చీర తీసేసి టైలర్ ముక్కల్లోని ఎర్ర పట్టుగుడ్డ కట్టాను. జడ వేశాను, బొట్టు పెట్టాను. కుట్టు ఒక్కటి కూడా బయటికి కనిపించకుండా లోపలికి దాచాను. పనితనానికి వంక పెట్టలేరు. మంజుల, ఆరవ తరగతి అని చీటీ పెట్టాను. తీసేసిన అంగీ, చీర ముక్క చెత్తలో పడేశాను.

ఎగ్జిబిషన్ రోజు

ఆ రోజు బాలమణి పని మానుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. బిడ్డ చేసిన వస్తువు బల్లమీద పెడుతున్నారని తెలిసి వచ్చింది. మంజుల చేతిలో ఏదో పట్టుకుని జనంలోంచి దూరి నా బల్ల దగ్గరికి వచ్చింది. అరచేతిలో పట్టేంత చిన్న తట్ట. నల్లగుడ్డకు గంజి పెట్టి ఎండబెట్టి చేసింది.

బొమ్మల వరుసంతా రెండుసార్లు చూసింది. తన పేరున్న చీటీ చదివింది.

"టీచర్, నా బొమ్మేది?"

"అదే. ఎంత మంచిగుందో చూడు."

"చేతులు కిందికున్నయి." చేతిలోది చూపించి, "తట్ట ఏడ పెట్టాలె టీచర్?" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. తల మీద తట్ట పట్టుకుని నడిచే మనిషి బొమ్మ అది. సిమెంటు పనిలో చీర పాడవకుండా ఆడవాళ్ళు పైన అంగీ తొడుక్కుంటారు. అశోక్‌నగర్ గల్లీల్లోంచి రోజూ నడిచిపోతూ చూసిందే. పిల్ల వాళ్ళమ్మను కుట్టింది.

ఏదో ఒకటి అనబోయేలోపే ప్రిన్సిపాల్ గారు, బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన లెక్చరరమ్మ మా బల్ల దగ్గరికి వచ్చేశారు. ఆమె సూటిగా ఎర్ర చీర బొమ్మ చేతిలోకి తీసుకుంది.

"అబ్బ, ఎంత నీట్‌గ కుట్టింది! మంజుల ఎవరు?"

మంజుల తలెత్తి, "అది నాది గాదు మేడం" అంది.

"నీ పేరే రాసి ఉన్నది గదమ్మా?"

"నా బొమ్మకు చేతులు మీదికుంటయి. అంగి ఉంటది. ఇది టీచర్ కుట్టింది."

చుట్టూ తల్లిదండ్రులు. ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. "అవునండీ, నేను సరిచేశాను" అని నవ్వేస్తే సరిపోయేది. మహా అయితే కొంచెం తలవంపు, సాయంత్రానికి అందరూ మర్చిపోయేవాళ్ళు. నేను ఏమన్నానో ఇన్నేళ్ళయినా మాట మాట గుర్తుంది.

"లేదు మేడం, ఈ పిల్లనే కుట్టింది. మందిని చూసి భయపడుతున్నది." తర్వాత దాని వైపు తిరిగి, "మంజులా, అబద్ధం చెప్పొద్దు" అన్నాను.

వెనకనుంచి బాలమణి వచ్చింది. "ఏమే, టీచరమ్మ మీదనే అబద్ధమాడ్తవా? గింత మంచిగ సదువు చెప్పేటామె మీద?" అంటూ చెంపమీద ఒక్కటేసింది. ఆ దెబ్బకు పక్క బల్ల దగ్గరివాళ్ళు కూడా తిరిగి చూశారు. "మొక్కు. టీచరమ్మ కాళ్ళు మొక్కు. తప్పయిందను."

పిల్ల ఏడవలేదు. వంగి నా కాళ్ళు ముట్టుకుంది. "తప్పయింది టీచర్" అంది. నేను దాని తలమీద చెయ్యి పెట్టి, "పర్వాలేదు, పర్వాలేదు" అన్నాను. దాన్ని క్షమించినట్టు.

బొమ్మకు మొదటి బహుమతి వచ్చింది. జామెట్రీ బాక్సు. తల్లే తీసుకుని కళ్ళకద్దుకుంది.

తర్వాత

ఆ తర్వాత మంజుల నా క్లాసులో ఎడమచెయ్యి వాడలేదు. ఏం చెబితే అది, ఎట్లా చెబితే అట్లా, కుడిచేత్తో నిదానంగా, తిన్నగా కుట్టేది. రుమాలు ఇస్తే రుమాలు, గలీబు ఇస్తే గలీబు. ఒక్క కుట్టు ఎక్కువ లేదు, తక్కువ లేదు. మిగతా టీచర్లు, "మంజుల మంచిగ దారికొచ్చింది" అన్నారు. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసేది కాదు. నేనూ దాని వరుస దగ్గర ఎక్కువసేపు నిలబడేదాన్ని కాదు.

ఉండబట్టలేక ఒకసారి ప్రిన్సిపాల్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రిజిస్టర్‌లోంచి తలెత్తి, "చిన్న విషయం మేడం. పిల్లలు ఎప్పుడో మర్చిపోతరు. ఇడిసిపెట్టండి" అన్నారు. ఆ మాటకు నా ప్రాణం తేలికపడింది. అంతగా తేలికపడినందుకు ఇప్పుడు ఇంకా సిగ్గుపడుతున్నాను. చెప్పుకోవలసింది ఆయనకు కాదని నాకు తెలియకనా?

క్లాసులో పద్ధతి మాత్రం మార్చుకున్నాను. పిల్లల వస్తువులు ఇంటికి తేవడం మానేశాను. వంకర కుట్లతోనే బల్లమీద పెట్టించాను. ఎడమచేతి వాటం పిల్లలకు పక్కన కాకుండా ఎదురుగా కూర్చుని నేర్పించడం మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చుంటే నా కుడిచెయ్యి వాళ్ళకు అద్దంలో ఎడమచెయ్యిలా కనిపిస్తుంది, చూసి చేస్తారు. ఇంత సులువైనది ముప్పై ఏళ్ళు నాకు తోచలేదు. ఏది వంకరగా కనిపించినా విప్పేముందు "ఎందుకిట్ల కుట్టినవ్?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. పదిసార్లు అడిగితే ఏడెనిమిదిసార్లు "తెల్వక టీచర్" అనే అంటారు. మిగతా రెండు మూడుసార్ల కోసమే అడగాలి.

కొత్తగా చేరేవాళ్ళకు ఇదొకటి చెప్పాలి. పద్ధతి మార్చుకోవడం కష్టమేం కాదు. మార్చుకున్నాక మనం మంచివాళ్ళమైపోయామని కూడా అనిపిస్తుంది. మనవల్ల దెబ్బతిన్న పిల్ల మాత్రం అక్కడే మూడో వరుసలో కూర్చుని ఉంటుంది.

ఏడో తరగతి అయ్యాక అశోక్‌నగర్ బిల్డింగు పని ముగిసి వాళ్ళు విద్యానగర్ వైపు మారారు. టీసీ తీసుకోవడానికి బాలమణి బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. పనిగట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చి నన్ను కలిసింది.

"పోయొస్తం టీచరమ్మా. మీరు జెయ్యవట్టే నా బిడ్డ మంచిగైంది. ఆనాటి సంది ఒక్క అబద్ధమాడలే."

మంజుల గోడమీది క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. నేను, "మంచిగ చదువుకో బిడ్డా" అన్నాను.

విద్యానగర్‌లో

ఇంకో రెండు మూడు నెలల్లో రిటైరవుతాననగా, పాత సామాన్లు సర్దుతుంటే ఇక బడి గేటు దాటాక ఆ పిల్ల మొహం మళ్ళీ చూసే అవకాశమే ఉండదనిపించింది. ఆఫీసులో అడిగి ఏ బడికి టీసీ వెళ్ళిందో కనుక్కున్నాను. సాయంత్రం బడి విడిచే వేళకు విద్యానగర్ వెళ్ళి ఆ గేటు ముందర నిలబడ్డాను.

తొమ్మిదో తరగతి. పొడుగైంది. నన్ను చూసి దూరంనుంచే గుర్తుపట్టి ఆగిపోయింది. "అమ్మను కలవాలె మంజులా, తీస్కపోతవా?" అంటే, ఎందుకని అడగకుండా ముందు నడిచింది.

వాళ్ళ నాన్న ఒక కొత్త అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. కింద బండ్లు పెట్టే చోట మూలన ఒక గది. బాలమణి బకెట్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "టీచరమ్మా! గింతదూరం వస్తిరి" అంటూ కుర్చీ వేసింది. కూర్చోలేదు నేను. కూర్చుంటే మళ్ళీ టీలు, కుశల ప్రశ్నలు మొదలై మాట దాటిపోతుందని భయం.

"బాలమణీ, ఎగ్జిబిషన్ నాడు మంజుల అబద్ధం చెప్పలేదు. అది కుట్టిన బొమ్మను నేనే విప్పేసిన. బల్లమీదున్నది నేను కుట్టింది. అందరి ముందర ఒప్పుకోవడానికి సిగ్గయి నీ బిడ్డను అబద్ధాలకోరును చేసిన. తప్పు నాది."

బాలమణి బిడ్డ వైపు తిరిగింది.

"మరి నాకెందుకు చెప్పకపోతివే?"

"చెప్పిన గదమ్మా. ఆ నాడే చెప్పిన."

బాలమణి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "నేను గొట్టిన" అంది, నాతో కాదు, బిడ్డతో కూడా కాదు. "గంతమంది ముందర గొట్టిన." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంజుల వెళ్ళి పక్కన కూర్చుని, "ఇడిసెయ్యమ్మా, ఎప్పటి ముచ్చటో" అంది. తల్లి ఒప్పుకోలేదు. దాని చెంప మీద చెయ్యి వేసి అట్లాగే ఉండిపోయింది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బాలమణి తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు. నా తప్పు ఒప్పుకుని బరువు దించుకుందామని వెళ్ళాను. ఆ బరువు తీసుకెళ్ళి ఆమె మీద పెట్టానని అక్కడ నిలబడ్డాక తెలిసింది. ముందే, ఎగ్జిబిషన్ మర్నాడే వెళ్ళి ఉంటే ఇంత బరువు ఉండేది కాదు. చెప్పకుండా ఉంటే మాత్రం ఆ పిల్ల తన తల్లి దృష్టిలో జన్మంతా అబద్ధాలకోరుగానే ఉండిపోయేది. అందుకని, ఆలస్యమైనా చెప్పడమే సరైనదని ఇప్పటికీ అనుకుంటాను.

మంజుల నన్ను గేటు దాకా దిగబెట్టడానికి వచ్చింది. ఏమడగాలో తెలియక, "ఇప్పుడు కుట్టడం మానేసినవా?" అన్నాను.

"లే టీచర్. కుడ్తనే ఉన్న."

"ఏ చేత్తోటి?"

"నా చేత్తోటే." గేటు గొళ్ళెం తీసి పట్టుకుంది. "ఎవ్వరికి చూపియ్య."

ముప్పై ఏళ్ళు కుట్టు నేర్పిన మనిషిని. ఒక్కటి చూడాలని ఎంతో అనిపించింది. అడిగే హక్కు నాకు లేదు కాబట్టి, అడగకుండానే బస్సెక్కాను.